పెండ్లి డీజే పని, మనుషులతో మెలకువ: వరంగల్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌తో పాటు అటు పరకాల, ఇటు నర్సంపేట, హుజూరాబాద్ దాకా డీజే వేసేవాళ్లు, కొత్తగా ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు, డీజేను మాట్లాడుకునే ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ బాక్సు కొనాలి, ఏ మిక్సర్ మంచిది అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. మనుషులతో ఎట్లా మెలగాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ.

డీజే అంటే పాటలు వేయడమే కదా. కలుపుగోలుతనం, పద్ధతి అని ఇంత మాటెందుకు?

పాటలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఇంటివాళ్లు పైసలిచ్చేది పాటకు కాదు. ఎప్పుడు ఏది వేయాలో, ఎప్పుడు బంద్ చేయాలో, మీదికొచ్చిన మనిషికి ఏం చెప్పాలో తెలిసినోడికి ఇస్తారు. మీ తర్వాతి బుకింగ్ ముందు వరసలో ఎగిరే పిల్లల నుంచి రాదు. వెనక కుర్చీలో కూర్చుని, తన మరిదికి మీరు ఎట్లా జవాబిచ్చారో చూసిన ఒక వదినె నుంచి వస్తుంది. వచ్చే నెల వాళ్లింట్లో కూడా ఫంక్షన్ ఉంటుంది మరి.

ఈ పేజీ మొత్తానికి మేం నమ్మేది ఒకటే. రాత్రి నవ్వుతూ ఉండాలంటే పగలే కచ్చితంగా మాట్లాడుకోవాలి. బుకింగ్ రోజు మొహమాటపడినోడే బరాత్ నడుమ గొడవ పెట్టుకుంటాడు.

బుకింగ్ రోజు ఏమేం తేల్చుకోవాలి?

ఎన్ని గంటలకు బండి రావాలి, ఎప్పుడు మొదలు, ఎప్పుడు బంద్, ఎన్ని బేస్‌లు (దరువు దద్దరిల్లే పెద్ద బాక్సులు), ఎన్ని టాప్‌లు (గొంతు, సన్న చప్పుళ్లు వినిపించే బాక్సులు), లైట్లున్నాయా, జనరేటర్ ఎవరిది, డీజిల్ ఎవరు పోయిస్తారు, పోలీసు పర్మిషన్ ఎవరు తెస్తారు. వీటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది, చాలామంది అది అడగరు: పాటల విషయంలో ఎవరి మాట చెల్లుతుంది? పెండ్లింట్లో పెద్దనాయన ఒకటంటాడు, బావ ఇంకొకటంటాడు, పెండ్లికొడుకు దోస్తులు పదిమంది పది అంటారు. ఒక్క మనిషి పేరు ముందే తీసుకోండి. చాలా ఇండ్లల్లో ఆ పనికి పెండ్లిపిల్ల అక్కో, పెండ్లికొడుకు చెల్లెనో సరిపోతారు. తాగరు, ఫోనెత్తుతారు, ఇంటి లోపలి సంగతులు తెలిసి ఉంటాయి.

మాట్లాడుకున్నదంతా అదే రోజు వాట్సాప్‌లో పెట్టండి. అగ్రిమెంటు భాష అక్కర్లేదు, ఇట్లా ఉంటే చాలు:

“నమస్తే అన్నా. శుక్రవారం మీ తమ్ముని బరాత్‌కు డీజే ఖాయం చేసుకున్నం. బండి సాయంత్రం 6 గంటలకు మీ ఇంటి ముందుంటది. 7కు మొదలు, 9.50కి బంద్. రెండు బేస్‌లు, రెండు టాప్‌లు, లైట్లు, ఒక కార్డ్‌లెస్ మైకు మావి. జనరేటర్ మాది, డీజిల్ మీది. పర్మిషన్ కాయితం మీరు తెస్తమన్నరు. మా మనుషులు నలుగురు, అన్నం మీ దగ్గరనే. బయానా ముట్టింది, మిగతాది బండి కదిలే ముందు. పాటలు అక్క చెప్పినట్టే వేస్తం, వేరేవాళ్లు అడిగితే అక్కను అడిగి వేస్తం.”

కింద వాళ్లు “సరే” అని పెడితే చాలు. రేపు ఎవరైనా “మేమట్లా అనలేదే” అంటే వాదించాల్సిన పని లేదు, ఫోన్ చూపిస్తే అయిపోతుంది.

బయానా ఎంత తీసుకోవాలి? మిగతా పైసలు ఎప్పుడు అడగాలి?

సగం ముందు తీసుకోండి. మిగతా సగం బరాత్ మొదలయ్యే ముందే. పని అయిపోయాక అడిగితే పైసలిచ్చే మనిషి పడుకుని ఉంటాడు, లేదంటే అప్పగింతల్లో కన్నీళ్లు పెట్టుకుని ఉంటాడు. ఆ టైంలో పైసలడగడం మీకూ బాగుండదు, ఆయనకూ బాగుండదు. అడిగేటప్పుడు పక్కకు పిలిచి మెల్లగా అడగండి. చుట్టాల ముందు అడిగితే ఆ అవమానం ఆయన ఎన్నేండ్లైనా మరిచిపోడు.

ఒకే ముహూర్తానికి మూడు పెండ్లిళ్లు వస్తే?

ఒకటే ఒప్పుకోండి. మిగతా ఇద్దరికి అదే రోజు “కాదు” అని చెప్పి, తెలిసిన వేరే డీజే నంబరివ్వండి. ఆషాఢంలో, మూఢంలో పని ఉండదు కాబట్టి మాఘంలో, వైశాఖంలో అన్నీ పట్టుకోవాలనిపిస్తుంది, అది నిజమే. కానీ ఒక ఇంట్లో మీరొస్తారని చెప్పి అసిస్టెంటును పంపిస్తే, ఆ ఇంటివాళ్లు పెండ్లి వీడియో చూసినప్పుడల్లా మిమ్మల్ని తిట్టుకుంటారు.

మైకులో ఎంత మాట్లాడాలి?

మీరనుకున్నదాంట్లో పావు వంతు. కొత్త డీజేలకు మైకు దొరకగానే పాట కన్నా అరుపులే ఎక్కువైతాయి. “ఏయ్ వరంగల్, చేతులు పైకి” అని రెండు నిమిషాలకోసారి అరిస్తే చేతులు లేపేవాళ్లు కూడా దించేస్తారు. ఫంక్షన్ హాల్లో అన్నం తినేవాళ్లు, మాట్లాడుకునేవాళ్లు, చానా రోజులకు కలిసిన చుట్టాలు ఉంటారు. వాళ్లకు మీ గొంతు అడ్డం.

మాట్లాడాల్సి వస్తే పాటల నడుమ, పొట్టిగా, పని ఉన్న మాట చెప్పండి. “వధూవరులు స్టేజీ మీదికి వస్తున్నరు, ఫొటోలు దిగేవాళ్లు ఎడమ పక్క నుంచి రండి.” “టీఎస్ 03 బండి గేటుకు అడ్డముంది, అన్నా ఒక్కసారి పక్కకు పెట్టుండ్రి.” ఇట్లాంటి మాటకు ఎవరూ చిరాకు పడరు. మాటలో నవ్వు ఉండాలి, ఎక్కిరింత ఉండొద్దు. లావున్నవాళ్లను, డాన్స్ రానివాళ్లను, రెండో పెండ్లివాళ్లను మైకులో ఆటపట్టిస్తే హాలంతా నవ్వొచ్చు. ఆ ఒక్క మనిషి మాత్రం నవ్వడు.

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు పెట్టుకుంటే “ప”, “బ” అక్షరాలు పేలవు. బాక్సుల ముందుకు మైకు తీసుకుపోతే కీచుమంటుంది. యాంకర్ వేరే ఉంటే ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి.

పేర్లు, పెద్దలను పిలవడం గురించి?

ఇక్కడ మాట పడేది ఎక్కువగా పాటల వల్ల కాదు, పేర్ల వల్ల. పెండ్లికార్డు ఫొటో ముందే తెప్పించుకుని పేర్లు పైకి చదువుకోండి. ఇంటిపేరు ఎట్లా పలుకుతారో ఇంటివాళ్లను అడగడం నామోషీ కాదు. సర్పంచ్, మాజీ ఎంపీటీసీ, ఏ పార్టీ లీడర్ అయినా సరే, ఇంటి పెద్ద రాసిచ్చిన కాగితంలో ఉన్న పేర్లే, ఉన్న వరసలోనే పిలవండి. ఎవరో వచ్చి చెవిలో “మా లీడర్ పేరు గూడ చెప్పు” అంటే “చెప్తనన్నా, పెద్దనాయనను ఒక్కమాట అడుగుతా” అనండి. ఒక పేరు మీ అంతట మీరు చదివితే, చదవని ఇంకో పేరుకు మీరే బాధ్యులవుతారు.

ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత కట్నం చదివించారో మైకులో చెప్పకండి. కొన్ని ఊర్లల్లో చదివింపులు మైకులో చెప్పే అలవాటుంది. అది ఇంటివాళ్లు కావాలంటే, వాళ్ల మనిషే చెప్పాలి.

పెండ్లిలో డీజే పూర్తిగా బంద్ ఉండాల్సిన టైం ఏది?

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, పుస్తె కట్టేటప్పుడు మేళం వాళ్లదే రాజ్యం. మీ ఫేడర్లు (మిక్సర్ మీద సౌండ్ పెంచే, తగ్గించే మీటలు) కిందికి ఉండాలి, లైట్లు తిప్పొద్దు, పొగ వదలొద్దు. అయ్యగారికి విడిగా ఒక మైకు, విడిగా ఒక చానల్ ఇచ్చి దాన్ని ముట్టుకోకండి. అప్పగింతలప్పుడు కూడా అంతే. కొందరు ఏడుపు పాట వేసి ఇంకా ఏడిపించాలని చూస్తారు. మాకు అది నచ్చదు. తల్లి కూతురి చెవిలో ఏదో చెప్తుంది, అది ఆ పిల్లకు వినబడనీయండి.

ఎవరైనా కాలం చేసిన పెద్దమనిషి ఫొటోకు దండ వేస్తుంటే కూడా పాట తగ్గించండి.

బరాత్ రాత్రి 10 దాటితే ఏం చేయాలి?

ఇది అందరూ అడుగుతారు, అందరికీ జవాబు తెలుసు కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వేయకూడదు. పగలు వేయాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు 10 నుంచి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా. మీ దోస్తు బరాత్ అందులోకి రాదు.

అసలు చిక్కు చట్టం దగ్గర లేదు. మన దగ్గర బరాత్ 7కు అని చెప్పి 9కి కదులుతుంది. పెండ్లికొడుకు తయారవడు, గుర్రం బండి రాదు, బామ్మర్ది ఎక్కడో ఉంటాడు. గంటసేపు కూడా ఎగరకుండానే 10 అవుతుంది. అప్పుడు “పైసలు తీసుకుని అప్పుడే బంద్ చేస్తవా” అని మీద పడతారు. అందుకే 7 నుంచే మీరు టైం గుర్తు చేస్తూ ఉండాలి. 8కి ఆ అక్కకు ఫోన్ చేసి “అక్కా, ఇప్పుడు కదిలితే రెండు గంటలు వస్తయి, ఆలస్యమైతే అవే తగ్గుతయి” అనండి. 9.30కి పెండ్లికొడుకు అన్న చెవిలో చెప్పండి. 9.40కి మైకులో: “అన్నలు, తమ్ములు, ఇంకా రెండే పాటలు. అందరికీ ఇష్టమైంది ఆఖరికి దాచిపెట్టిన.” దాచిపెట్టిన పాట నిజంగానే మంచిదై ఉండాలి. ఆ పాటతో ఆపితే జనం చప్పట్లు కొడతారు. నడుమ పాటను పోలీసాయన వచ్చి ఆపితే తిట్లు మీకు, ఇంటివాళ్లకు పంచుతారు.

ఆపిన తర్వాత డప్పు వాళ్లు ఉంటే ఇల్లు చేరేదాకా వాళ్లతో నడిపిస్తామంటారు కొందరు. డప్పుకు మైకు పెట్టకపోయినా రాత్రి చప్పుడు చప్పుడే. నాలుగిండ్లవతల పసిపిల్ల ఉందో, పొద్దున పరీక్ష ఉన్న పిల్లగాడున్నాడో మనకు తెల్వదు.

పోలీసులు వస్తే ఎట్లా మాట్లాడాలి?

ముందు సౌండ్ తగ్గించి, తర్వాత మాట్లాడండి. పర్మిషన్ కాగితం జేబులో ఉండాలి, ఇంట్లో కాదు. మందు తాగిన చుట్టాన్ని మాట్లాడనీయకండి.

తాగి వచ్చి “నా పాట వేయ్” అని మిక్సర్ మీద చెయ్యి పెడితే?

వాదించకండి, “లేదు” అన్న మాట ముందు రానీయకండి. “వేస్తనన్నా, రెండు పాటలైనంక వేస్త. పేరు చెప్పు, రాసుకుంట” అని కాగితం మీద రాసుకోండి. రాస్తున్నప్పుడు ఆయన చూడాలి. సగం మంది అక్కడే చల్లబడతారు. రాసుకున్న పాట సందర్భానికి సరిపోతే నిజంగా వేయండి, వేసేటప్పుడు ఆయన వైపు చెయ్యి ఊపండి. వేయలేని పాటైతే “అక్కను అడిగిన, వద్దన్నది” అనండి. అక్క పేరు పగలే తీసుకున్నది ఇందుకే.

ఐదు వందల నోటు చూపించి పాట అడిగేవాళ్లుంటారు. తీసుకోవద్దు. ఒకరి నోటు తీసుకుంటే ఇంకొకరు వెయ్యి పట్టుకొస్తారు, అది ఆడపెళ్లోళ్లు, మగపెళ్లోళ్ల పోటీగా మారుతుంది. ఇంటివాళ్లు పిలిచిన డీజే వేలం పాటకు దిగినట్టుంటుంది. సంతోషంగా ఇచ్చే ఇనాం వేరు, అది ఆఖర్లో, మీ మనుషులందరికీ పంచేలా తీసుకోండి.

మిక్సర్ చుట్టూ రెండు బల్లలు అడ్డం పెట్టి, ఒక మనిషిని నిలబెట్టండి. ఆ మనిషి పొడుగ్గా, శాంతంగా ఉంటే మేలు.

బూతు పాటలు, పార్టీ పాటలు, కులం పాటలు అడిగితే?

బూతు పాటలు వద్దని బుకింగ్ రోజే చెప్పండి. మన జానపదాల్లో సరసం ఉంది, అది అందరికీ నచ్చుతుంది. సరసానికీ బూతుకూ తేడా తెలియాలంటే, ముందు వరసలో మీ అవ్వ కూర్చుని ఉన్నట్టు అనుకుని పాట వినండి. పార్టీ పాటలు, ఒక కులాన్ని పొగిడి ఇంకో కులాన్ని కిందికి చేసే పాటలు ఎవరింట్లోనైనా సరే వేయొద్దని మా మాట. గుడి, మసీదు, చర్చి ముందు నుంచి పోయేటప్పుడు పాట ఆపి, దాటినంక మొదలుపెట్టండి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

బతుకమ్మకు డీజే పెట్టొచ్చా?

పెడుతున్నారు, ఆపలేం. కానీ బతుకమ్మ ఆడవాళ్ల ఆట, వాళ్లే పాడుకునే ఆట. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు “ఉయ్యాలో” అని అందుకుంటూ, వంగి చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతారు. ఆ నడక మెల్లగా ఉంటుంది. మీరు అదే పాట రీమిక్స్ వేసి వేగం పెంచితే అరవై ఏండ్ల అమ్మలు వలయం నుంచి బయటికి వచ్చి కూర్చుంటారు, వలయంలో పడుచుపిల్లలే మిగులుతారు. ఆ కుర్చీలు నిండుతున్నాయంటే మీరు వేగం తగ్గించాలని అర్థం.

మాకు మంచిదనిపించే పద్ధతి: మొదటి గంట డీజే వద్దు, ఒక మంచి మైకు పాటెత్తుకునే ఆమెకు ఇవ్వండి, గొంతు నలుగురికీ వినబడేంత సౌండ్ పెట్టండి. తర్వాత పిల్లల కోసం కోలాటం పాటలు, డీజే పాటలు. ఎంగిలిపూల రోజు నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ ఆడరు. ఆ తారీఖుకు బుకింగ్ అడిగేవాళ్లకు అది గుర్తు చేస్తే, ఈ డీజేకు మన పండుగ తెలుసని వాళ్లకు నమ్మకం కలుగుతుంది. సద్దుల రోజు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఎంత జనం ఉంటారో తెలిసిందే. అక్కడికి బండి తీసుకుపోవాలంటే ముందు రోజే తోవ చూసుకోవాలి.

వినాయక ఊరేగింపుకు ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

పైన కరెంటు తీగలు. బండి మీద బాక్సులు, వాటి మీద లైట్ల ట్రస్ (లైట్లు కట్టే ఇనుప చట్రం), దాని మీదికి ఎక్కిన పిల్లగాళ్లు. తోవ మొత్తం పగటి పూట ఒకసారి నడిచి, కిందికి వేలాడే తీగలు ఎక్కడున్నాయో రాసుకోండి. తీగను కట్టెతో లేపే పని మీరు చేయొద్దు, కరెంటోళ్లకు ముందే చెప్పాలి. బండి మీదికి మీ మనుషులు తప్ప ఎవరూ ఎక్కొద్దు, ఇందులో మొహమాటం లేదు.

ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. ఎంజీఎం ఆస్పత్రి దగ్గరికి రాగానే పూర్తిగా బంద్ చేయండి, “కొంచెం తగ్గించినం” అంటే సరిపోదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధించారు. మన దగ్గర ఆ ఏడాదికి ఏం ఆర్డర్ ఉందో బయానా తీసుకునే ముందే స్టేషన్‌లో కనుక్కోండి, తర్వాత కాదు.

సౌండ్ ఎంత ఉంటే ఎక్కువ?

నియమాల ప్రకారం ఇండ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ప్రైవేటు స్థలంలో వేసే సౌండ్ ఆ స్థలం హద్దు దగ్గర దీనికంటే 5 డెసిబెల్స్ మించకూడదు. డీజే అన్నోళ్లకు ఇది ఎంత తక్కువో తెలుసు.

చెవుల లెక్క ఇంకోటి ఉంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చని అమెరికాలో పని ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే హద్దు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. బేస్ ముందు రెండు గంటలు ఎగిరే పిల్లగాని చెవుల్లో తెల్లారి దాకా గుయ్‌మంటది, మీకైతే సీజన్ అంతా. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. బయట ఖాళీ జాగాలో దూరం రెండింతలైతే సౌండ్ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లుల కుర్చీలు బాక్సులకు దూరంగా వేయించడం కూడా మీ పనే.

పాటలకు కాపీరైట్ లైసెన్స్ అడుగుతూ ఎవరైనా వస్తే?

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం మతపరమైన వేడుకలకు, పెండ్లి ఊరేగింపుకు, పెండ్లికి సంబంధించిన ఇతర వేడుకలకు పాట వేస్తే అది ఉల్లంఘన కాదు. హోటల్లో న్యూ ఇయర్ పార్టీ, కంపెనీ ప్రోగ్రాం వేరు. అక్కడ లైసెన్స్ ఎవరు తీసుకుంటారో రాతలో పెట్టుకోండి. కాలేజీలు, కంపెనీలు బిల్లు అడుగుతాయి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

బ్యాండోళ్లు, డప్పోళ్లు, ఫొటోగ్రాఫర్లతో పడదు. ఏం చేయాలి?

ముందుగా పోయి పలకరించండి. “కాకా, మీరు గుమ్మం దాకా వాయించండి, చెయ్యి లేపితే నేను అందుకుంటా” అని ఒక్క మాట చాలు. తీన్మార్ దరువు మీద జనం మంచి ఊపులో ఉన్నప్పుడు మీరు పాటతో అడ్డం పడకండి. దరువు నిలిచే చోటు దాకా ఆగితే అదే మీకు మంచి మొదలు. ఫొటోగ్రాఫర్‌కు పొగ ఎప్పుడు వదులుతారో చెప్పండి, పెండ్లిపిల్ల మొహం మీద పచ్చ లైటు పడనీయకండి.

కరెంటు పోయి సౌండ్ ఆగిపోతే?

మొదటి పది సెకన్లలో గొంతుతోనే ఏదో ఒకటి చెప్పండి: “రెండు నిమిషాలు, నీళ్లు తాగుండ్రి.” ఎవరినీ తిట్టకండి, ముఖ్యంగా మీ కుర్రాణ్ని. హాల్ వంటింట్లోని గ్రైండర్, ఏసీలు ఉన్న లైన్ మీద మీ మిక్సర్ పెట్టకండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే మైకు పట్టుకున్నవాళ్లకే షాక్ కొడుతుంది. ఆ మైకు చాలాసార్లు పెండ్లికొడుకు చేతిలో ఉంటుంది.

బట్టలు, తిండి?

నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, శుభ్రంగా. తిండి ఇంటివాళ్లు పిలిచినప్పుడు, ఒకరి తర్వాత ఒకరు. పని మీద మందు వద్దు, ఎంత దగ్గరి దోస్తు పెండ్లైనా.

మా ప్రోగ్రాంల వీడియోలు ఇన్‌స్టాలో పెట్టుకోవచ్చా?

మీ మిక్సర్, లైట్లు, జనం దూరం నుంచి అయితే ఇబ్బంది లేదు. డాన్స్ చేసే ఆడపిల్లల దగ్గరి వీడియో పెట్టాలంటే ఇంటివాళ్లను అడగాలి, వాళ్లు తర్వాత తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయాలి.

డీజే నుంచి రేడియోకు పోవాలని ఉంది. ఈ అనుభవం పనికొస్తుందా?

సగం పనికొస్తుంది. టైం చూసుకోవడం, ఒక పాట నుంచి ఇంకో పాటకు పోవడం, చెయ్యి వణకకుండా మిక్సర్ ముట్టుకోవడం వచ్చి ఉంటాయి. మాట మాత్రం మళ్లీ నేర్చుకోవాలి. బరాత్‌లో వెయ్యిమందితో అరుస్తారు, రేడియోలో ఒక్కరితోనే మాట్లాడతారు. ఆ ఒక్కరు రోటీ చేస్తుండొచ్చు, లారీ నడుపుతుండొచ్చు. బరాత్‌లో పాట ఆగడం పద్ధతి కావొచ్చు, రేడియోలో గొంతు ఆగితే శ్రోత స్టేషన్ మార్చేస్తాడు. ఫోన్ చేసినవాళ్ల ఊరు, పేరు అడగడం వరకు సరే, నంబరు, ఇంటి గుర్తులు గాలిలో చెప్పనీయకూడదు. ఎవరైనా బాధ చెప్పుకుంటే జోకు వేసి పాటలోకి దూకకండి, ఒక మాట విని, తర్వాత పాట.

వరంగల్‌లో ఆకాశవాణి కేంద్రం ఉంది. క్యాజువల్ అనౌన్సర్లను తీసుకునేటప్పుడు ఆకాశవాణి ప్రకటన ఇచ్చి, గొంతు పరీక్ష పెడుతుంది. తెలుగు ఉచ్చారణ, వార్తల మీద తెలివి చూస్తారు. మన యాసను దాచుకోవాల్సిన పని లేదు, కానీ “ళ”, “ణ”, “శ” స్పష్టంగా పలకాలి. అర్జీ పెట్టే ముందు ఫోన్లో ఐదు నిమిషాలు ఏదైనా పాట గురించి మాట్లాడి రికార్డు చేసుకోండి. “సో”, “ఓకే”, “గయ్స్” ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి, అవి లేకుండా మళ్లీ మాట్లాడండి.